సూదిచేప మీద తగవు

ముప్పై ఏళ్లు బోటు నడిపిన సరంగు ఒకరు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మేష్టారు ఒకరు. ఇద్దరిదీ కాకినాడ తీరమే. కోరంగి మడ అడవుల మధ్య ఉప్పుటేళ్లలో తిరిగే ఒక సన్నటి చేప వాళ్లిద్దరి మధ్య తగవు పెట్టింది. శాస్త్రంలో దాని పేరు స్ట్రాంగిలూరా స్ట్రాంగిలూరా. తోక మొదట్లో నల్లచుక్క ఉండే సూదిచేప. సరంగుకి అది గిట్టదు, మేష్టారికి అదంటే ప్రాణం. నేను మేష్టారి పక్షమేనని ముందే చెబుతున్నాను. అయితే సరంగు మాటకి బలం ఉన్నచోట ఆ బలాన్ని తగ్గించి రాయలేదు.

సరంగు: ఏవండీ మేష్టారూ, సముద్రంలో ఇన్ని చేపలుండగా మీకు ఇదే దొరికిందా అండి? వంజరం గురించి చెప్పండి, పండుగప్ప గురించి చెప్పండి, కూర్చుని వింటాం. ఈ ముక్కుచేపలో ఏముందని? బారెడు ముక్కు, బెత్తెడు మాంసం. వల్లో పడిందంటే ఆ ముక్కు కన్నులో ఇరుక్కుంటాది. విడిపించుకోవాలని మెలికలు తిరుగుతాది. ఈలోపు కన్ను తెగిపోద్ది. దాన్ని అమ్మితే వచ్చేదానికన్నా వల బాగుచేసుకోడానికి అయ్యేదే ఎక్కువ.

మేష్టారు: తిట్టేముందు ఒకసారి చేతిలో పెట్టుకుని చూడండి సరంగు గారూ. మీరు వేలసార్లు పట్టుకున్న చేపే. కానీ విదిలించి అవతల పారేయడానికే పట్టుకున్నారు. పై దవడ, కింది దవడ రెండూ సాగి ముక్కయ్యాయి. కింది దవడ ఒక పిసరు పొడుగు. నోరు మూసినా పళ్లు కనిపిస్తూనే ఉంటాయి. అన్నీ ఒక సైజు కావు, చిన్న పళ్ల వరసలో అక్కడక్కడా పొడవాటివి. వాటితో నమలదు, జారిపోకుండా పట్టుకుంటుందంతే. వీపు ఆకుపచ్చ, పక్కలు వెండి, కడుపు తెలుపు. పైనుంచి చూసే కొంగకి ఆ ఆకుపచ్చ ఏటి నీళ్లలో కలిసిపోతుంది. కిందినుంచి చూసే పెద్ద చేపకి ఆ తెలుపు పైనున్న వెలుగులో కలిసిపోతుంది. వీపు మీది రెక్క, కడుపు కింది రెక్క రెండూ బాగా వెనక్కి జరిగి, తోక దగ్గర ఎదురెదురుగా ఉన్నాయి. ఉన్న బలమంతా వెనకే. ఒక్క విసురుతో ముందుకి దూసుకుపోవడానికి ఏర్పడిన ఒళ్లు అది. ఇక తోక మొదట్లో ఆ నల్లచుక్క చూడండి, పసిపిల్ల బుగ్గన పెట్టిన దిష్టిచుక్కలా ఎంత గుండ్రంగా ఉందో. ఆ చుక్కా, వెనక ఆ గుండ్రటి తోకా చూస్తే చాలు, ఇదే అని చెప్పేయొచ్చు.

సరంగు: చుక్క సంగతి నాకు తెలుసండి. మొగ దాటి బయటికెళ్తే ఇంకోటి తగులుతాది. దానికి చుక్క ఉండదు. తోక చీలి ఉంటాది, కింది పాయ పొడుగు. నిలబెడితే నా ఛాతీ దాకా వచ్చేవి చూశాను. అది నీళ్లలోంచి లేచిందంటే బోట్లో ఉన్నోళ్లందరూ తల వంచుకోవాల్సిందే.

మేష్టారు: అది వేరే జాతండి, టైలోసూరస్ క్రొకొడైలస్. మీటరున్నర దాకా పెరుగుతుంది. దాని తోక మొదట్లో రెండు పక్కలా చిన్న గట్టు ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. మన చుక్కతోకది మూరెడు చేప, నలభై సెంటీమీటర్లు ఉంటే అదే ఎక్కువ. ఒళ్లు పక్కలకి నొక్కేసినట్టుండి, నిలువు చారలున్నది ఇంకోటి, అబ్లెన్నెస్ అంటారు. మన గోదావరిలో, చెరువుల్లో మంచినీళ్లలోనే బతుకంతా గడిపే సూదిచేప ఇంకోటి. గంగానది చేపల మీద 1822లో హామిల్టన్ వేసిన పుస్తకంలో దాని వర్ణన ఉంది. మొత్తం కుటుంబంలో నలభైకి పైగా జాతులున్నాయి. పెద్దది చేసిన నేరానికి చిన్నదానికి శిక్ష వేస్తానంటే ఎలా?

సరంగు: చీకట్లో మీదికి వచ్చేటప్పుడు తోక మీద చుక్క ఉందో లేదో చూసుకుంటామా అండి? మీరు పుస్తకంలో వేరు చేస్తారు. మాకు ముక్కున్నదల్లా ఒకటే. బయట తిరిగే కుర్రాళ్లని అడగండి, చేతులు, బుగ్గలు చూపిస్తారు.

మేష్టారు: మీ భయం ఉత్తిదని నేననడం లేదు. 1977లో హవాయి దీవుల్లో, కవాయిలో, రాత్రిపూట తండ్రితో వేటకి వెళ్లిన పదేళ్ల పిల్లాడికి సూదిచేప ముక్కు కంట్లోంచి మెదడులోకి దిగి ప్రాణం పోయింది. 2007లో వియత్నాంలో, హలాంగ్ బే దగ్గర, రాత్రి నీళ్లలో మునిగిన పదహారేళ్ల కుర్రాడు కూడా సూదిచేప గుచ్చుకుని చనిపోయాడు. 2020 జనవరిలో ఇండోనేషియాలో, సులవేసి పక్కనున్న బుటన్ దీవి దగ్గర, ఇంకో కుర్రాడికి మెడలో ఈ పక్క దూరిన ముక్కు ఆ పక్కకి వచ్చేసింది. అతను బతికాడు. ఇవన్నీ నిజంగా జరిగినవే. కానీ వీటిలో ఉన్న ఒక్క సంగతి మీరు గమనించాలి. మూడూ రాత్రే జరిగాయి. ఇండోనేషియాలో చేప ఎగిరింది ఎప్పుడనుకున్నారు? పక్క పడవలో ఉన్న స్నేహితుడు టార్చిలైటు వేసినప్పుడు.

సరంగు: నేను చెప్పేదీ అదే కదండీ! వెలుగు కనపడితే దానికి ఒళ్లు తెలీదు. ఎక్కడ మనిషున్నాడా అని చూసి మరీ పొడుస్తాది.

మేష్టారు: మనిషితో దానికేం పనండి? దాని గొంతులో పట్టేది నెత్తళ్లు, కవళ్ల పిల్లలు. అది వేటాడే తీరు మీరు చూసే ఉంటారు. గుంపులోంచి ఒకదాన్ని ముక్కుతో అడ్డంగా కరుచుకుంటుంది. దాన్ని మెల్లగా తిప్పి, తలవైపునుంచి మింగుతుంది. మనిషిని పొడిచి దానికి ఒరిగేదేమీ లేదు. పొడిస్తే దాని ముక్కే విరుగుతుంది. ఆ ముక్కు పోయాక అది దేన్ని పట్టుకుంటుంది, ఏం తింటుంది? మరెందుకు దూకుతుందంటారా? పెద్ద చేప తరిమితే దూకుతుంది, పడవ మోతకి బెదిరితే దూకుతుంది, చీకట్లో ఒక్కసారిగా కళ్లలో వెలుగు కొడితే దూకుతుంది. దాని బతుకంతా నీటి పైపొరలోనే కదా, కిందికి దిగి పారిపోవడం దానికి అలవాటు లేదు. ఎత్తు తక్కువున్న పడవ అడ్డం వస్తే పక్కనుంచి తిరిగి పోకుండా మీదుగా దూకేస్తుంది. ఆ దారిలో మన తల ఉంటుంది.

సరంగు: పొడిచినోడికి ఉద్దేశం లేదంటే పొడిపించుకున్నోడి నెత్తురు ఆగిపోద్దా అండి?

ఈ ప్రశ్నకి మేష్టారు వెంటనే జవాబు చెప్పలేదు. అడగాల్సిన ప్రశ్నే అది. తీరాన బతికేవాళ్ల భయాన్ని పాఠం చెప్పి తీసేయలేం.

మేష్టారు: ఆగదండి. కానీ ఎందుకు దూకిందో తెలిస్తే ఏం జాగ్రత్త పడాలో తెలుస్తుంది. పగబట్టి వచ్చేదైతే దాన్ని చంపడం ఒక్కటే దారి. వెలుగుకి బెదిరి దూకేదైతే వెలుగు మన చేతిలోనే ఉంది.

సరంగు: మా నాన్న టార్చి నీళ్ల మీదికి వెయ్యనిచ్చేవాడు కాదు. పడవ అడుగున, మోకాళ్ల మధ్య పెట్టుకుని వెలిగించమనేవాడు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు, తిట్టేవాడు. ఇప్పుడు చూడండి, బోటు చుట్టూ పట్టపగల్లా లైట్లు.

మేష్టారు: ఆ లైట్ల వేటని కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరులోనే నిషేధించింది కదా.

సరంగు: నిషేధం కాగితం మీద ఉంటాది, లైట్లు నీళ్ల మీద ఉంటాయి. సరే, అది పక్కన పెట్టండి. చేపని కోస్తే లోపల ముల్లు ఆకుపచ్చగా ఉంటాది. పచ్చి ఆకుపచ్చ! విషం లేకపోతే ముల్లుకి ఆ రంగెందుకండి? మా ఇంట్లో ఆడవాళ్లు దాన్ని పొయ్యి దగ్గరికే రానివ్వరు.

మేష్టారు: అది విషం కాదండి, బైలివర్డిన్ అనే రంగు పదార్థం. మనకి దెబ్బ తగిలి కమిలిన చోట నాలుగు రోజులకి ఆకుపచ్చ తేలుతుంది చూడండి, అదీ ఇదే పదార్థం. ఉడికించినా రంగు పోదు, తింటే హాని లేదు. డెన్మార్క్‌లో వసంతకాలం వచ్చిందంటే ఇదే కుటుంబంలో చేప కోసం జనం ఎదురుచూస్తారు. ఆ ముళ్లూ ఆకుపచ్చే. పైగా తెల్లటి మాంసంలో ఆకుపచ్చ ముల్లు ఇట్టే కనపడుతుంది, పిల్లలకి ఏరి పెట్టడం తేలిక.

సరంగు: మీరు తినండి, మేం చూస్తాం. కానీ కోసినప్పుడు ఇంకోటి గమనించానండి. ఏ చేపకైనా పొట్టలో సంచి ఉంటాది. పండుగప్పని కోస్తే సంచిలో రొయ్యలు, చిన్న చేపలు కుక్కి ఉంటాయి. దీనికి ఆ సంచే కనపడదు. గొంతు దగ్గర మొదలైన గొట్టం తిన్నగా వెనక్కి పోద్ది. మెలిక కూడా ఉండదు.

మేష్టారు: మీరు కత్తితో చూసిందే శాస్త్రజ్ఞులు మైక్రోస్కోపులో చూశారు. సూదిచేపలకి జీర్ణాశయం లేదు. మనకి కడుపులో ఆమ్లం ఊరుతుంది, దానికి ఊరదు. ఆ తిన్నటి పేగులోనే చేప చేపంతా అరిగిపోవాలి. చేపల్ని వేటాడి బతికేదానికి కడుపే లేదంటే వింత కాదూ? దీని దగ్గరి చుట్టం, కింది దవడ మాత్రమే పొడుగ్గా ఉండే అరముక్కు చేప ఉంది కదా, దానికీ జీర్ణాశయం లేదు. దాంట్లో చాలా జాతులు నాచు తిని బతుకుతాయి. రెండింటి పేగూ ఒకటే, తిండి మాత్రం వేరు.

సరంగు: ఆ అరముక్కు చేప పిల్లలు మడ వేళ్ల దగ్గర బోలెడు కనపడతాయండి. వేలు పొడుగైనా ఉండవు.

మేష్టారు: అక్కడే ఆగండి! మీరు చూసినవాటిలో కొన్ని అరముక్కు చేపలు కావు, సూదిచేప పిల్లలే. గుడ్డులోంచి వచ్చినప్పుడు దీనికి ముక్కే ఉండదు, రెండు దవడలూ పొట్టివే. పెరిగేకొద్దీ ముందు కింది దవడ సాగుతుంది. ఆ దశలో చూస్తే అచ్చం అరముక్కు చేపే. కొన్నాళ్లకి పై దవడ కూడా పెరిగి దాన్ని అందుకుంటుంది. అప్పటికి గానీ పెద్దవాటి వేట రాదు, అప్పటిదాకా నీళ్లలో తేలే సూక్ష్మజీవుల్నీ, బుల్లి రొయ్య జాతుల్నీ తిని బతుకుతుంది. నేథన్ లవ్‌జాయ్ అనే శాస్త్రవేత్త 2000లో వీటి వంశవృక్షం గీశారు. సూదిచేపలు అరముక్కు చేపల వంశంలోంచే చీలి వచ్చాయని అందులో తేలింది. అంటే పూర్వీకులు ఆగిన చోట ఆగకుండా పై దవడని కూడా పెంచుకున్న చేప ఇది. అమెజాన్ నదిలో బెలోనియాన్ అని బెత్తెడు కూడా లేని సూదిచేప ఉంది. అది మాత్రం ఆ సగం ముక్కు దగ్గరే ఆగిపోయి, జీవితాంతం అలాగే ఉంటుంది. ఒక్క చేపపిల్ల ముఖంలో ఇంత చరిత్ర ఉంటే, ఇందులో ఏముందని అడుగుతారేమిటండి?

సరంగు: చరిత్ర కూడుపెట్టదు కదండీ.

మేష్టారు: పెట్టదు. మరి కూడుపెట్టే నీళ్ల గురించే మాట్లాడదాం. ఇది మీకు ఎక్కడ ఎక్కువ కనపడుతుంది?

సరంగు: ఎక్కడేంటండి, ఉప్పుటేట్లోనే. చిన్న పాయ పెద్ద ఏట్లో కలిసే చోట ఉంటాది. పోటు ఎక్కేటప్పుడు నీటితో పాటు లోపలికి, మడ చెట్ల మధ్యకి పోద్ది. చిన్న చేపలన్నీ వేళ్ల సందుల్లో దూరుతాయి కదా, వాటి వెనకే ఇది. పాటు మొదలయ్యేసరికి నీళ్లు లాగుతాయి. లోపలున్న చిన్న చేపలు బయటికి రాక తప్పదు. అప్పుడు పాయ మొగదల కాచుకుని ఉంటాది చూడండి, ప్రవాహానికి ఎదురుగా ముక్కు పెట్టి కదలదు. తోక కొస ఒక్కటే ఆడుతూ ఉంటాది. కొత్తవాడైతే పుల్ల తేలుతోందనుకుంటాడు. చెయ్యి పెట్టాడో, అక్కడ ఏమీ ఉండదు. నేను గంటలు గంటలు చూశానండి. వల వేసుకుని కూర్చుంటే ఇంకేం పని?

మేష్టారు: గిట్టదంటూనే గంటల తరబడి చూశారు మీరు.

సరంగు: శత్రువుని చూసినట్టు చూశాను.

మేష్టారు: ఎలా చూసినా చూపు బాగుంది. మీరు చెప్పిందే నేను చెప్పాలనుకుంది కూడా. ఈ చేప లోసముద్రంది కాదు. పర్షియన్ గల్ఫ్ నుంచి మన పులికాట్, కోరంగి, చిలికా మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర తీరం దాకా ఉంటుంది. అంత దూరంలోనూ ఒడ్డుని అంటిపెట్టుకునే ఉంటుంది. ఏటి మొగలు, మడ అడవులు, ఉప్పు కయ్యలు, అప్పుడప్పుడూ మంచినీళ్లు కూడా. దాని ఒంటి పక్కన నీటి కదలికని పసిగట్టే గీత ఉంటుంది. చాలా చేపలకి ఆ గీత ఒంటి నడిమధ్యన ఉంటే, దీనికి బాగా కిందికి, కడుపు అంచునే ఉంటుంది. పైపొరలో తిరిగేదానికి తెలియాల్సిన కదలికంతా కిందే కదా! గుడ్లు కూడా చూడండి. సూదిచేపల గుడ్లకి సన్నటి దారాలుంటాయి. ఆ దారాలతో నాచుకో, తేలే కొమ్మకో, ఏది అందితే దానికి చుట్టుకుని ఉంటాయి. అలా పట్టుకోవడానికి ఏదో ఒకటి లేకపోతే గుడ్డుకి నిలకడ లేదు. దాగడానికి చోటు లేకపోతే పిల్లకి బతుకు లేదు. మడ అడవిలో ఆ రెండూ దొరుకుతాయి. కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించింది అందుకేనని అనను, కానీ ఆ 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో ఇలాంటివెన్నో పెరుగుతున్నాయి. మీరు అమ్ముకునే పండుగప్ప పిల్లా అక్కడే పెరుగుతుంది, మీరు తిట్టే సూదిచేప పిల్లా అక్కడే పెరుగుతుంది. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు.

సరంగు: ఇక రొయ్యల చెరువుల మీదికి వస్తారు, నాకు తెలుసు. రండి. మా అబ్బాయి పదిహేనేళ్లుగా చెరువుల మీదే బతుకుతున్నాడు. నేను సముద్రం మీదికి పోతే మా ఆవిడ వాకిట్లో కూర్చుని ఎదురుచూసేది. మా కోడలికి ఆ బాధ లేదు. మడ కొట్టారు, చెరువు తవ్వారు, తప్పేనండి. కానీ మడ మాకు జీతం ఇచ్చిందా? చదువుకున్నోళ్లు వచ్చి ఫొటోలు తీసుకుపోతారు.

మేష్టారు: మీ అబ్బాయి బతుకు మీద నాకు కోపం ఎందుకుంటుందండి? తొంభైల్లో తీరమంతా చెరువులు తవ్వినప్పుడు సంపాదించుకున్నవాళ్లు వేరు, నీళ్లు పాడై నష్టపోయినవాళ్లు వేరు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చేదాకా పోయింది వ్యవహారం. 2005లో మళ్లీ చట్టం చేసి చెరువులకి దారి ఇచ్చారు. ఆ గొడవంతా ఇప్పుడు వద్దు. ఒక్కటి అడుగుతాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మీ బోట్లన్నీ కట్టేస్తారు. ఎందుకు?

సరంగు: చేప గుడ్లు పెట్టాలి, పిల్లలు పెరగాలి అని. ఆ రోజుల్లో అప్పు చేసి తింటాం.

మేష్టారు: మీరు అప్పు చేసి పస్తులుండి కాపాడిన పిల్ల చేప ఎక్కడికి వచ్చి పెరగాలి? బోటు కట్టేసినవాడు ఒకడు, మడ కొట్టేసినవాడు ఒకడు అయితే మీ 61 రోజుల కష్టం ఏమైపోయినట్టు? నన్నడిగితే ఈ చుక్కతోక సూదిచేపే మీకు లెక్క చెబుతుంది. అది సంతకి పోదు, దాన్ని ఎవరూ చెరువులో పెంచరు, కొని తెచ్చి ఏట్లో వదలరు. దాని కోసం ఎవరూ ఏమీ చేయరు. ఉప్పుటేట్లో నీళ్లు బాగుండి, చిన్న చేప ఉండి, వేళ్ల మధ్య చోటు ఉంటే అది ఉంటుంది. లేకపోతే ఉండదు. మీరు గంటల తరబడి చూసిన ఆ పాయ మొగదల ఇప్పుడు ఎన్ని కనపడుతున్నాయి?

సరంగు: (కాసేపు ఆగి) మా నాన్న కాలంలో ఉన్నన్ని లేవు. చెరువుల అవతల ఉన్న పాయలో అసలు లేవు. కోరంగి లోపలికి పోతే ఉన్నాయి. అలాగని అన్నీ చెరువుల వల్లేనని నేను ఒప్పుకోను. నీళ్ల మీద ప్లాస్టిక్ చూశారా? పైనుంచి గోదారి నీళ్లు ఎంత వస్తున్నాయో చూశారా? మొగ పూడిపోవడం చూశారా?

మేష్టారు: ఒప్పుకోవద్దు. మీరు చెప్పినవి కూడా కారణాలే. నేను చెరువు ఒక్కదాన్నే బోనెక్కించడం లేదు.

సరంగు: అయితే ఎవరండీ ఈ లెక్క రాసేది? మా మాట ఎవరు రాసుకుంటారు?

మేష్టారు: ఒకప్పుడు రాసుకున్నారు. పాట్రిక్ రస్సెల్ అని ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన డాక్టరు, విశాఖపట్నంలో ఉన్న రోజుల్లో అక్కడి జాలర్లు తెచ్చిన చేపల బొమ్మలు గీయించాడు. 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది, రెండు వందల చేపల పుస్తకం. ఒక్కో బొమ్మ కింద జాలర్లు పిలిచే పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. ఆ బొమ్మల్ని ఆధారం చేసుకుని యూరపు పండితులు తర్వాత శాస్త్రీయ నామాలు పెట్టుకున్నారు. మన చేపకి 1823లో డచ్చివాడు వాన్ హాసెల్ట్ పెట్టిన పేరు ఇప్పటికీ నడుస్తోంది. రస్సెల్ పుస్తకంలో పండితుడి పేరు ఉంది, చేప పేరు ఉంది, తెచ్చి ఇచ్చిన జాలరి పేరు లేదు. అది అన్యాయమే. కానీ మీ తాతల చూపు లేకపోతే ఆ పుస్తకమే లేదు. మీ పాయ మొగదల లెక్క కూడా అలాంటిదే. మీరు చెప్పండి, నేను తెలుగులో రాస్తాను. ఈసారి చెప్పినవారి పేరు కూడా రాస్తాను.

సరంగు: రాయండి. కానీ ఆ చేప సాధువని మాత్రం రాయకండి. మీ పుస్తకం చదివి ఏ కుర్రాడో రాత్రిపూట టార్చి పట్టుకుని ఏట్లో దిగితే ఆ పాపం మీదే.

మేష్టారు: సాధువని రాయను. మీ నాన్న మాటే రాస్తాను.

ఇక్కడ ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు గనక పాఠకులకి కూడా చెప్పాలి. రాత్రి ఉప్పుటేళ్లలో, తీరం దగ్గర పడవ మీద ఉన్నప్పుడు టార్చి నీళ్ల మీదికి కొట్టకండి. పడవ లోపలే, కిందికి పెట్టి వెలిగించుకోండి. లైటు వెయ్యక తప్పనప్పుడు పిల్లల్ని పడవ అంచున కూర్చోబెట్టకండి. ఎవరికైనా ముక్కు గుచ్చుకుంటే దాన్ని అక్కడే లాగి పారేయకండి. లాగితే నెత్తురు ఆగదు, పైగా ముక్క విరిగి లోపలే ఉండిపోవచ్చు. ఇండోనేషియా కుర్రాడి మెడలోంచి చేపని లాగనివ్వకుండా అతని స్నేహితుడు ఆపాడు, ఆస్పత్రిలో డాక్టర్లు తీశారు. కదలకుండా పట్టుకుని, బట్టతో చుట్టూ అదిమి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. గాయం పైకి చిన్నగా కనపడినా ఎక్స్‌రే తీయించకుండా ఇంటికి రాకండి.

ఇది సరంగు రాయమన్నది. మేష్టారు రాయమన్నది కూడా ఉంది. మీ ఊరి ఉప్పుటేట్లో పాటు నీళ్లు లాగేటప్పుడు పాయ మొగదల చుక్కతోక సూదిచేపలు కనపడుతున్నాయా లేదా, పదేళ్ల కిందటితో పోలిస్తే ఎక్కువా తక్కువా, ఊళ్లో పెద్దవాళ్లని అడిగి తేదీతో సహా రాసి పెట్టండి.